గవర్నరు పదవి – ప్రజాభిమతము

ప్రజాప్రభుత్వమున అధికారమెల్ల ప్రజలనుండియే పుట్టవలెననుట యెల్లరును అంగీకరించిన ధర్మము. చిట్యాలవంటి తెలంగాణపు గ్రామమున నివసించు పౌరుడు వార్డుసభ్యుని, సర్పంచును, మండల జిల్లా పరిషత్తుల సభ్యులను, శాసనసభ్యుని, లోక్‌సభ సభ్యుని తన ఓటుచేత ఎన్నుకొనుచున్నాడు. కాని యెవరి పేరిట రాష్ట్రపరిపాలన యంతయు సాగుచున్నదో, సాధారణముగా ఎవరి సమ్మతి లేనిదే శాసనసభ ఆమోదించిన బిల్లు శాసనము కానేరదో, ఆ గవర్నరు నియామకమున ఈ పౌరునకు గాని, ఇతడు ఎన్నుకొని పంపిన శాసనసభ్యునకు గాని యే ప్రమేయమును లేదు. ఇది యెట్లు సంభవించినది? సంభవించినది మేలా, కీడా? ఈ ప్రశ్నలకు ముందుగా చరిత్రచేతనే సమాధానము చెప్పించవలెను.

మన రాజ్యాంగనిర్మాతలు తొలుత తలచినది వేరు. 1947 జూలైలో సర్దార్ వల్లభభాయి పటేలు అధ్యక్షుడుగా నున్న రాష్ట్రరాజ్యాంగ సంఘము, గవర్నరును వయోజనులందరు ప్రత్యక్షముగా ఎన్నుకొనవలెనని సూచించెను. రాజ్యాంగసభయు ఆ సూచనను ఆదరించెను. 1948 ఫిబ్రవరిలో సిద్ధమైన ముసాయిదాలో రెండు మార్గములు చూపబడినవి. ఒకటి ప్రజలచేత ప్రత్యక్షమైన ఎన్నిక. రెండవది, శాసనసభ నలుగురి పేర్లతో ఒక పట్టికను ఎన్నుకొనగా అందొకరిని రాష్ట్రపతి నియమించుట. తుదకు ఈ రెండును నిలువలేదు. 1949 మే 31వ తేదీన, బ్రజేశ్వర ప్రసాదు ప్రతిపాదించిన సవరణ ననుసరించి, గవర్నరును రాష్ట్రపతియే నియమించునని సభ తీర్మానించెను.

రెండేండ్లలో ఇంత మార్పు కలుగుటకు హేతువులు లేకపోలేదు. ప్రజలందరిచేత ఎన్నుకొనబడిన గవర్నరొకడు, శాసనసభ విశ్వాసము గల ముఖ్యమంత్రి యొకడు ఉన్నచో, ఒక ఒరలో రెండు కత్తులు చొప్పించినట్లగును. మాకును ప్రజలే అధికార మిచ్చిరని ఇరువురును వాదింతురు. దేశవిభజన గాయము మానని ఆ దినములలో, ఎన్నికైన గవర్నరు వేర్పాటుబుద్ధికి దోహదము చేయునేమో యని జవహర్లాల్ నెహ్రూ శంకించెను. అధికారము లేని అలంకారపదవికి ఇంత వ్యయముతో ఎన్నిక యేలయని డాక్టరు అంబేద్కరు ప్రశ్నించెను. నెల్లూరు జిల్లాకు చెందిన మన ఆంధ్రుడు, ముసాయిదా సంఘసభ్యుడు, అల్లాడి కృష్ణస్వామయ్యరు నియామకమునే సమర్థించుచు, కేంద్రము రాష్ట్రమంత్రివర్గమును సంప్రదించి గవర్నరును నియమించు సదాచారము క్రమముగా నేర్పడగలదని ఆశించెను.

చదువరు లిచ్చట నొక విషయమును గమనింపవలెను. నియామకపద్ధతి రెండు షరతులపై నిలిచియున్నది. గవర్నరు అలంకారమాత్రుడుగా నుండుట మొదటిది. రాష్ట్రముతో సంప్రదించుట రెండవది. షరతులు చెల్లినంతవరకే ఒడంబడిక చెల్లును.

ఈ ఒడంబడిక కుదిరిన దినమున తెలంగాణపు ప్రజల పక్షమున మాటాడుటకు ఆ సభలో ఒక్కరును లేరు. హైదరాబాదు సంస్థానమునకు కేటాయించిన స్థానములు రిక్తముగా నుండెను. నైజాముపాలనలో ఓరుగల్లు ప్రాంతపు జనులకు పై యధికారి యనగా సుబేదారు. హనుమకొండలోని సుబేదారి నేటికిని ఆ పేరును మోయుచున్నది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసినపిదప, గవర్నరను బిరుదముతో ఈ ప్రజ తొలుత చూచినది సైనిక గవర్నరగు మేజర్ జనరల్ చౌదరిని. 1949 నవంబరులో రాజ్యాంగమును అంగీకరించుచు ఫర్మానా వెలువరించినవాడు నైజామే గాని ప్రజలు కారు. 1950 జనవరి 26 మొదలు 1956 అక్టోబరు 31 వరకు ఆ నైజామే రాజప్రముఖుడు. సుబేదారు పోయెను, సైనికుడు పోయెను, రాజప్రముఖుడును పోయెను. పై నుండి పంపబడుట మాత్రము పోలేదు.

ఇక షరతుల గతి యేమైనదో చూతము. 1952లో ప్రజలెన్నుకొన్న శాసనసభ బలముచేత హైదరాబాదు ముఖ్యమంత్రియైన బూర్గుల రామకృష్ణారావు విద్వాంసుడు, సౌమ్యుడు. ఆయనయే పిమ్మట కేరళ గవర్నరైనప్పుడు, ఆయన పంపిన నివేదికపై 1959 జూలై 31వ తేదీన, ప్రజలు ఎన్నుకొన్న నంబూద్రిపాదు ప్రభుత్వము రద్దు చేయబడెను. దోషము వ్యక్తిదే యందుమా? పదవి యెవరికి ఋణపడియున్నదో వ్యక్తియు వారికే జవాబుదారి యగుట లోకసహజము. మరి పాతికయేండ్లకు ఆ శరము మన రొమ్మునకే తగిలెను. అమెరికాలో శస్త్రచికిత్స చేయించుకొని వచ్చిన నందమూరి తారకరామారావును, సభలో బలనిరూపణకు అవకాశమీయకయే, 1984 ఆగస్టు 16వ తేదీన గవర్నరు రామలాలు తొలగించెను. ఊరూర ప్రజలు కదలిరి. ఆ నెలలోనే గవర్నరు మారెను. సెప్టెంబరు 16వ తేదీన రామారావు మరల ముఖ్యమంత్రి యయ్యెను. 1953లోనే కీర్తిశేషులైన అల్లాడివారు తమ సదాచారమునకు పట్టిన ఈ గతిని చూడకపోయిరి.

పిదప కొంత చికిత్స జరుగకపోలేదు. గవర్నరు నియామకమున ముఖ్యమంత్రిని సంప్రదింపవలెనని సర్కారియా సంఘము 1988లో వెలువడిన తన నివేదికలో కోరెను. మంత్రివర్గబలము శాసనసభలోనే తేలవలెనని 1994లో బొమ్మై వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఐనను 2023లో, ఆమోదించిన బిల్లులు గవర్నరు కడ నిలిచిపోయినవని తెలంగాణ ప్రభుత్వము సుప్రీంకోర్టు కెక్కవలసివచ్చెను. రోగము పైకి తగ్గినట్లు కన్పట్టినను మూలము తెగలేదు.

అట్లయిన ప్రత్యక్షముగా ఎన్నుకొందమా? అమెరికా రాష్ట్రములన్నిటను గవర్నరులను ప్రజలే ఎన్నుకొందురు. మేరీలాండు రాష్ట్రమున 1776 రాజ్యాంగముచొప్పున శాసనసభ గవర్నరును ఎన్నుకొనుచుండెను. 1838లో గాని ఆ హక్కు ప్రజలకు దక్కలేదు. ఆ మేరీలాండులోనే 2022 నవంబరులో మన హైదరాబాదున జన్మించిన అరుణా మిల్లరు లెఫ్టినెంట్ గవర్నరుగా ఎన్నికయ్యెను. ఆమె పుట్టిన గడ్డపై అట్టి పదవికి ఓటడుగు మార్గమే లేకపోవుట విచిత్రము. ఐనను అచ్చటి గవర్నరు స్వయముగా కార్యనిర్వాహకుడు. అతనికి వేరుగా ముఖ్యమంత్రి లేడు. మన పద్ధతిలో ప్రత్యక్షమైన ఎన్నిక పెట్టినచో నెహ్రూ చెప్పిన చిక్కు తప్పదు.

కావున నా యభిప్రాయమున 1948 ముసాయిదాలోని రెండవ మార్గమే మనకు శరణ్యము. శాసనసభ నలుగురిని ఎన్నుకొనవలెను. రాష్ట్రపతి ఒకరిని నియమింపవలెను. అధికారపక్షము తనవారినే నలుగురిని నిలుపునందురా? ఆ ముసాయిదా అనుపాతప్రాతినిధ్య విధానమును కూడ చెప్పియున్నది. దానిచేత ప్రతిపక్షమునకును పాలు దక్కును. కేంద్రమునకు ఎంపిక మిగులును, రాష్ట్రమునకు గౌరవము మిగులును. ఇది మన గ్రామీణులకు వింతయు కాదు. సర్పంచును తామే ఎన్నుకొనుటయు, మండలపరిషత్తు అధ్యక్షుని తామెన్నుకొన్న సభ్యులు ఎన్నుకొనుటయు, ఈ రెండు రీతులను వారు చిరకాలముగా ఎరిగినవారే.

మండలాధ్యక్షుని ఎన్నికకు తగినదైన పద్ధతి రాష్ట్రాధిపతి ఎన్నికకు తగదనుట న్యాయము కాదు. 1949లో మనలను అడుగకయే ఈ ఒడంబడిక కుదిరినది. దాని షరతులు తప్పినవని నేడు చెప్పుట మన హక్కు. సరిదిద్దుడని శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను నిలదీసి యడుగుట మన విధి.