రాజపాళయం కుక్క పెరడు వదిలి ఇంట్లోకి వచ్చిన కథ

ఈ ఆదివారం వ్యాసం కొంచెం పొడుగు. కాఫీ తెచ్చుకొని కూర్చోండి. మన ఊళ్ళ చరిత్ర అంటే రాజులు, పాళేగాళ్ళు, గుళ్ళు, చెరువులు అని రాస్తూ వచ్చాము. ఈసారి కుక్క గురించి. నవ్వేవాళ్ళు నవ్వండి, చివరిదాకా చదివి నవ్వండి.

విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల కింద ఉండే రాజపాళయం మనలో చాలామందికి చుట్టాల ఊరే. విజయనగర, మదురై నాయక రాజుల కాలంలో దక్షిణానికి దిగివచ్చిన తెలుగు రాజులు నిలిచిన ఊరు కాబట్టి ఆ పేరు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే, తర్వాత ఒరిస్సా గవర్నరుగా కూడా పోయారు. ఆయన పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసో కానీ ఆ ఊరి కుక్క పేరు మాత్రం దేశమంతా తెలుసు. తెల్లటి ఒళ్ళు, గులాబి రంగు ముక్కు, పొడుగు కాళ్ళు, సన్నటి నడుము. 2005 జనవరిలో తపాలా శాఖవారు మన దేశపు నాలుగు జాతి కుక్కలకు బిళ్ళలు వేశారు. హిమాలయపు గొర్రెల కుక్క, రాంపూర్ వేటకుక్క, ముధోల్ వేటకుక్క, నాలుగోది మన రాజపాళయం. చెన్నై సైదాపేటలో ప్రభుత్వ పశుసంవర్ధక శాఖవారు ఈ జాతిని, చిప్పిపారై, కోంబై జాతులను పెంచే కేంద్రం నడిపారు.

ఆ కుక్క పని ఏమిటి? నాయకుల కాలంలో మదురై సీమను 72 పాళయాలుగా పంచారని మనందరం చదువుకొన్నదే. పాళేగాడి ఇంటికి కాపలా, కొండ దిగివచ్చే అడవిపందిని తరమడం, రాత్రిపూట పొలం, తోట కాయడం. ఇదీ దాని ఉద్యోగం. మన పాత ఇండ్లు తలచుకోండి. ముందు తిన్నె, నడుమ ముంగిలి, వెనుక పెరడు, పెరడు దాటితే గొడ్ల కొట్టం, ఆ తర్వాత పొలం. కుక్క తిన్నె మీద పడుకొనేది, కొట్టం దగ్గర కూడు తినేది, ఒంటికి రెంటికి పొలం గట్టుకు పోయేది. గడప దాటి లోపలికి రానిచ్చేవారు కారు. కాబట్టి ఇంట్లో తప్పు చేయకూడదని దానికి నేర్పవలసిన అవసరమే ఎవరికీ రాలేదు. “మా తాత కాలంలో కుక్కలు ఇలా చేసేవా?” అని అడిగేవారికి ఇదే జవాబు. తాతగారి కుక్కకు ఇల్లే లేదు.

తెల్లదొరల బంగళాల్లో కూడా కథ వేరే కాదు. దొర కుక్క లోపల సోఫా మీద పడుకొన్నా, దాన్ని వేళకు బయటికి తిప్పడానికి ప్రత్యేకంగా ఒక నౌకరు ఉండేవాడు. డోరియా అని ఆ ఉద్యోగానికి పేరు, ఆ కాలపు ఆంగ్లో ఇండియన్ నిఘంటువులోనే ఉంది. దొరసాని తన కుక్కకు ఎంత మంచి అలవాట్లో అని గొప్ప చెప్పుకొని ఉంటుంది. ఆ అలవాటు సగం డోరియా కాళ్ళది.

తర్వాత కాలం మారింది. 1936లో రాజపాళయంలో మిల్లు వచ్చింది, దాని వెనకే మరికొన్ని వచ్చాయి. 1948 చట్టంతో మద్రాసు రాష్ట్రంలో జమీన్లు పోయాయి, జమీన్ల వేటకుక్కల దొడ్లకు ఖర్చు పెట్టేవాళ్ళు పోయారు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి వేట ఆగిపోయింది. అంటే మూడు నాలుగు వందల ఏళ్ళు చేసిన ఉద్యోగం ముప్పై నలభై ఏళ్ళలో ఊడింది. మేము రైల్వేలో ఉన్నవాళ్ళం కాబట్టి ఇంకో సంగతి కళ్ళారా చూశాము. పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు మదురై, చెన్నై, బెంగళూరు పోతే వెనకాలే కుక్కలూ పోయాయి. పార్సిల్ ఆఫీసులో తూకం వేసి, లగేజీ టికెట్టు రాసి, గార్డు బ్రేక్ వ్యానులో ఉండే డాగ్ బాక్సులో ఎక్కించేవాళ్ళం. తెల్లటి కుక్క ఆ ఇనుప తలుపు సందులోంచి చూసే చూపు మరిచిపోలేము. తెల్లవారి అది దిగేది ఏ మూడో అంతస్తు ఫ్లాటుకో. తిన్నె లేదు, పెరడు లేదు, మట్టే లేదు. అంతా టైల్సు.

అయినా ఆ కుక్కలు నేర్చుకొన్నాయి, ఇదే విశేషం. ఏ కుక్కకైనా తాను పడుకొనే చోటు, తినే చోటు శుభ్రంగా ఉంచుకోవాలనే గుణం పుట్టుకతో ఉంటుంది. మనం చేసేదల్లా ఇల్లు మొత్తం దాని పడకే అని దానికి తెలియజేయడం. లేవగానే, తినగానే, ఆడగానే బయటికి తీసుకుపోయి, పని అయిన క్షణమే ఒక ముక్క తిండి పెట్టి మెచ్చుకొంటే కొన్ని వారాల్లో పట్టుబడుతుంది.

ఇక అసలు విషయం. మన సంఘంలో ఒక అక్కయ్య ఇంట్లో తొమ్మిదేళ్ళ ఆడ రాజపాళయం ఉంది. ఎనిమిదేళ్ళు ఒక్కనాడు ఇంట్లో తప్పు చేయలేదు. ఆడి మాసం నుంచి రోజూ హాల్లో, ఒక్కోసారి పడుకొన్న చోటే తడి. కోడలికి విసుగు, బావగారికి కోపం. శ్రీవిల్లిపుత్తూరు పక్క ఎవరిదో కొబ్బరితోపులో కాపలాకు వదిలేద్దామని మాట వచ్చింది. పోయిన నెల కూటంలో ఆ అక్కయ్య అడిగారు, “వదిలేస్తే పాపమా?” అని. పదిమంది పదిరకాలుగా చెప్పారు. ముక్కు అందులో పెట్టి రుద్దమని ఒకరు, నీళ్ళు తగ్గించమని ఒకరు, వయసైపోయింది అంతే అని ఒకరు. ఈ వ్యాసం ఆ కూటం వల్లే.

ముక్కు రుద్దడం, కొట్టడం ఎక్కడి నుంచి వచ్చాయో చరిత్రలో కొంత కనబడుతుంది. 1910లో జర్మనీ పోలీసు అధికారి కొన్‌రాడ్ మోస్ట్ కుక్కల శిక్షణ మీద పుస్తకం రాశారు. పోలీసు కుక్కలకూ సైన్యపు కుక్కలకూ బలవంతంతో నేర్పే పద్ధతి దాని వల్ల చాలా దేశాల్లో పాకింది. పుస్తకం చదవనివాళ్ళకు కూడా ఆ మనసు అంటుకొంది. ఆ తర్వాత 1938లో అమెరికాలో స్కిన్నర్, బహుమానం దొరికే పనిని ప్రాణి మళ్ళీ మళ్ళీ చేస్తుందని ప్రయోగాలతో పుస్తకం తెచ్చారు. 1984లో కారెన్ ప్రయర్ అదే సంగతిని ఇంట్లో కుక్కను పెంచుకొనేవాళ్ళకు అర్థమయ్యేలా రాశారు. అందరికన్నా మాకు నచ్చినది 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ప్రచురించిన పరిశోధన. కుక్క తప్పు చేసి తల దించుకొంటుందని అంటాము కదా. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ ముఖం పెడుతుందని ఆమె చూపించారు. ఏ తప్పూ చేయకుండా తిట్లు తిన్న కుక్కే ఎక్కువ తల దించుకొంది.

ఇది చదివినప్పుడు మాకు సరమ గుర్తుకు వచ్చింది. మేము బడిలో తమిళమే చదివినవాళ్ళం. నన్నయగారి భారతం వయసు మళ్ళిన తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివాము. ఆదిపర్వం మొదట్లోనే ఉంది ఆ కథ. జనమేజయుడు యాగం చేస్తుంటే దేవతల కుక్క సరమ కొడుకు అక్కడికి ఆడుకోవడానికి వస్తాడు. రాజు తమ్ముళ్ళు కొడతారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతాడు. సరమ నేరుగా రాజు ముందుకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను కొట్టారు, మంచిచెడ్డ చూడకుండా దీనులకు హాని చేసేవారికి కారణం లేని భయాలు వస్తాయి అని చెప్పి పోతుంది. చక్రవర్తి ఆ మాటకు వణికి, శాంతి చేయించడానికి సోమశ్రవసుణ్ణి వెదికి పురోహితుడిగా తెచ్చుకొంటాడు. అంత పెద్ద గ్రంథం ముందు ఒక కుక్క ఫిర్యాదు పెట్టారంటే ఊరికే పెట్టలేదని మా నమ్మకం.

అక్కయ్యగారి కుక్క విషయంలో మొదటి మాట: పెద్ద కుక్క ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు తప్పిందంటే ముందు పశువుల డాక్టరు, తర్వాతే శిక్షణ. మూత్రంలో చీము ఉండవచ్చు. చక్కెర జబ్బు కావచ్చు, కిడ్నీ కావచ్చు. గర్భసంచి ఆపరేషన్ అయిన ఆడకుక్కలకు ఏళ్ళు గడిచాక నిద్రలో తెలియకుండానే కారిపోయే జబ్బు ఒకటి ఉంది, దానికి మందు ఉంది. ఆపరేషన్ కానిదైతే గర్భసంచిలో చీము పట్టవచ్చు, నీళ్ళు ఎక్కువ తాగుతూ, తిండి మానేసి, నీరసంగా ఉంటే అది ప్రాణం మీదికి వస్తుంది, ఆ రోజే తీసుకుపోవాలి. మగకుక్కకు ప్రోస్టేటు. స్టెరాయిడ్ మాత్రలు వేస్తుంటే దాహం, ఒంటికి పోవడం రెండూ పెరుగుతాయి. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో కొన్నింటిలో మూత్రం ఎర్రగా, కాఫీ రంగులో కనబడుతుంది. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళతో వచ్చే లెప్టో కిడ్నీని కొడుతుంది, అది మనుషులకూ అంటుకొంటుంది, తుడిచేవాళ్ళు చేతికి తొడుగు వేసుకోండి. నీళ్ళు తగ్గించమన్న అన్నగారికి మాత్రం గట్టిగా చెబుతున్నాము, అది తప్పు. కిడ్నీ జబ్బు ఉన్నదానికి నీళ్ళు ఆపితే చంపినట్టే.

పోయేటప్పుడు పొద్దున మొదటి మూత్రం శుభ్రమైన సీసాలో పట్టుకొని పోండి. పట్టడం కష్టం కాదు, వంగినప్పుడు కింద వెడల్పు గరిటె పెడితే చాలు. ఎన్నిసార్లు, ఏ వేళ, నిద్రలోనా మెలకువలోనా, కొంచెమా మడుగా అని నాలుగు రోజులు కాగితం మీద రాయండి. గుమాస్తా బుద్ధి అనుకోండి, డాక్టరుకు సగం పని తీరుతుంది. నిద్రలో కారితే జబ్బు వైపు, గోడకు కాలెత్తి కొంచెం కొంచెం పోస్తే గుర్తు పెట్టుకొనే బుద్ధి వైపు, ఇంట్లో ఎవరూ లేనప్పుడే అయితే బెంగ వైపు చూపిస్తుంది.

ఒంట్లో ఏమీ లేదని తేలితే ఇంట్లో ఏం మారిందో చూడాలి. ఇల్లు మారారా, కొత్త బిడ్డ వచ్చిందా, తిప్పే మనిషి ఊరికి పోయాడా. ఐప్పసి, కార్తిక నెలల్లో మన పక్క వానలు, మధ్యలో దీపావళి టపాసులు. బయట ఒకసారి బెదిరిన కుక్క గేటు దాటడానికి భయపడి లోపలే పని కానిస్తుంది. ముసలి కుక్కకు కీళ్ళ నొప్పి ఉంటే మెట్లు దిగలేదు, టైల్సు మీద కాలు జారుతుంది. మంచం నుంచి తలుపు దాకా గోనెపట్టా పరిస్తే కొన్నింటికి అదే చాలు. బాగా ముసలిదైతే మనుషులకు వచ్చినట్టే మతిమరుపు వస్తుంది, తలుపు ఎటో మరిచిపోతుంది.

మళ్ళీ నేర్పడం చిన్నపిల్లకు నేర్పినట్టే. రోజుకు ఆరేడుసార్లు బయటికి, ఒకే చోటికి, పని అయ్యేదాకా నిలబడి, అయిన వెంటనే తిండి ముక్క. ఇంట్లో అయినదాన్ని మాట్లాడకుండా తుడవాలి. ఫినాయిల్ వాసన మన ముక్కును మోసం చేస్తుంది, కుక్క ముక్కును కాదు. దానికి కింద పాత వాసన తగులుతూనే ఉంటుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. ఎంజైము కలిసిన ద్రావణం అంగళ్ళలో దొరుకుతుంది, అదే వాడాలి. బ్లీచింగ్ మూత్రం మీద పోయకండి, వచ్చే పొగ పీలిస్తే మనకే ప్రమాదం.

రాజపాళయం పెంచేవాళ్ళకు ఇంకొక మాట. ఈ జాతిలో పుట్టు చెవుడు ఉన్నవి కొన్ని ఉంటాయి, తెల్లరంగుతో పాటు వచ్చే లోపం అది. “పిలిస్తే రాదు, మొండిది” అని కొట్టిన కుక్కల్లో ఎన్ని చెవిటివో. వీపు వెనుక చప్పట్లు కొట్టి చూడండి. చెవిటిదైతే బయటికి పోదాం అనడానికి ఒక చేతి సైగ పెట్టుకోండి, వారంలో నేర్చుకొంటుంది.

కొబ్బరితోపు సంగతికి వస్తే, 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ కింద జంతువును కొట్టడమూ నేరమే, ఆకలిదప్పులకు గురయ్యేలా వదిలేయడమూ నేరమే. తొమ్మిదేళ్ళు చేతితో తిన్న కుక్క తోపులో ఎన్నాళ్ళు బతుకుతుంది? అక్కయ్యగారి కుక్కను మన సంఘం తమ్ముడొకడు ఆటోలో తీసుకుపోయాడు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అని తేలింది. మందు ఇంకా పది రోజులు ఉంది. రాత్రిపూట తడి తగ్గింది, పూర్తిగా పోలేదు. మళ్ళీ పరీక్ష చేయాలన్నారు.

దీపావళికి ఊరికి కుక్కను రైల్లో తీసుకుపోయేవాళ్ళు ముందుగానే పార్సిల్ ఆఫీసులో అడగండి. ఫస్టు ఏసీలో కూపే మొత్తం మీదే అయితే మీతోనే ఉంచుకోవచ్చు, లేకపోతే డాగ్ బాక్సే. నీళ్ళగిన్నె, తిండి మీరే తేవాలి. ఎక్కించే ముందు ప్లాట్‌ఫారం చివర మట్టి ఉన్నచోటికి ఒకసారి తిప్పండి.