హెచ్, జె, కె, ఎల్: నాలుగు మీటల వెనక కథ

అమీర్‌పేటలో యూనిక్స్ క్లాసులకు వెళ్లినవాళ్లను కదిపి చూడండి. మొదటిరోజు వీఐ ఎడిటర్ తెరిచి, బయటికి రావడం తెలియక సిస్టమ్ ఆఫ్ చేసిన కథ ఒకటి చెబుతారు. టైప్ చేస్తే అక్షరం పడదు. ఉన్న అక్షరం మాయమవుతుంది. కర్సర్ ఎటో దూకుతుంది. ఇదేం ఎడిటర్‌రా బాబూ అనిపిస్తుంది. అయినా దాని అలవాట్లు ఒంటబట్టినవాళ్లు ఈనాటి వీఎస్ కోడ్‌లో కూడా ప్లగిన్ వేసుకుని మరీ వాటినే వాడుతున్నారు. ఆ అలవాట్ల పుట్టుక ఒక పాత కీబోర్డులో ఉంది.

వీఐ కంటే ముందు ఈడీ అనే ఎడిటర్ ఉండేది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాశారు. ఎదురుగా తెర లేదు, కాగితం మీద టకటకా కొట్టే టెలిటైప్ యంత్రమే. పదో లైను చూడాలంటే పదో లైను అచ్చు వెయ్యమని అడగాలి. తప్పు చేస్తే ఈడీ ఇచ్చే జవాబు ఒక ప్రశ్నార్థకం, అంతే. ఏం తప్పో చెప్పదు. కోపిష్టి లెక్కల మాస్టారి బాపతు.

లండన్ క్వీన్ మేరీ కాలేజీలో పనిచేసే జార్జ్ కూలూరిస్‌కు ఇది మింగుడుపడలేదు. ఈడీని కాస్త మచ్చిక చేసి ‘ఈఎం’ అని పేరు పెట్టారు. మామూలు మానవుల ఎడిటర్ అని దానర్థం. 1976 వేసవిలో బర్క్‌లీ వెళ్లినప్పుడు అక్కడి విద్యార్థి బిల్ జాయ్‌కి చూపించారు. జాయ్, ఆయన సహచరుడు చక్ హేలీ దాన్ని అందిపుచ్చుకున్నారు. అలా ఈఎన్, దాని తర్వాత ఈఎక్స్ వచ్చాయి. తెరనిండా ఫైలు కనబడే ‘విజువల్’ పద్ధతిని జాయ్ చేర్చారు. వీఐ అన్న పేరు ఆ మాటలోని మొదటి రెండక్షరాలే. 1979 మేలో బర్క్‌లీ యూనిక్స్ రెండో విడుదలతో అది జనంలోకి వచ్చింది.

జాయ్ వాడిన టెర్మినల్ లియర్ సీగ్లర్ కంపెనీ ఏడీఎం-3ఏ. దాని కీబోర్డుకు విడిగా బాణం మీటల్లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే ఎడమ, కింద, పై, కుడి బాణాలు అచ్చువేసి ఉండేవి. ఎస్కేప్ మీట ఇప్పుడు ట్యాబ్ ఉన్నచోట, చిటికెన వేలికి అందేలా ఉండేది. ఇప్పుడది మూలకి పోయింది కాబట్టి వీఐ వాడేవాళ్లు మాటిమాటికీ చెయ్యి చాస్తుంటారు. తప్పు వీఐది కాదు, కీబోర్డు మారింది.

ఇక వేగం. ఇంట్లో కూర్చుని జాయ్ పనిచేసింది 300 బాడ్ మోడెమ్ మీద. అంటే సెకనుకు 30 అక్షరాలు. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలున్న తెర పూర్తిగా నిండాలంటే నిమిషం పైమాటే. అలాంటి లైను మీద ఒకటి రెండు మీటలతోనే పని తెమలాలి. అందుకే డి అంటే తుడిచెయ్యడం, డబ్ల్యూ అంటే పదం. రెండూ వరసగా కొడితే పదం పోతుంది. చుక్క నొక్కితే ఇందాకటి మార్పు మళ్లీ జరుగుతుంది. క్రియ ముందు, కర్మ తర్వాత. మన వాక్యానికి తలకిందులు, అయినా చేతికి త్వరగానే పట్టుబడుతుంది.

ఎడిటర్‌ని బేరీజు వేసేటప్పుడు చాలామంది రంగులూ థీములూ చూస్తారు. నేను చూసేది దిద్దుబాటు. ప్రోగ్రామర్ కొత్తగా రాసేది కొంచెం, రాసింది మార్చేది కొండంత. వెబ్ పేజీలో రెండు ట్యాగుల మధ్య మాట మార్చాలనుకోండి. వీఐ వారసుడు విమ్‌లో సి, ఐ, టి అని మూడు మీటలు కొడితే లోపలిది పోయి కొత్త మాటకు చోటు సిద్ధం. అదే పని మౌసుతో చేసి చూడండి, తేడా మణికట్టుకే తెలుస్తుంది.

2015లో వచ్చిన వీఎస్ కోడ్‌ని తీసిపారెయ్యడం లేదు. కొత్తగా వెబ్ నేర్చుకునేవాళ్లకు మొదటి గంటలోనే పని నడుస్తుంది. విమ్‌తో మొదటి గంట ఏడుపే. కోడ్‌లో తప్పులు పట్టే, మాటలు అందించే తెలివి ఒకప్పుడు ఏ ఎడిటర్‌కి ఆ ఎడిటర్ సొంతం. 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ వచ్చాక అది అందరికీ ఉమ్మడి సొత్తయింది, విమ్‌కి కూడా.

తెలుగు సైట్లు కట్టేవాళ్లు మాత్రం ఇంకో పరీక్ష పెట్టాలి. ‘స్త్రీ’ అని టైప్ చేసి కర్సర్‌ని దానిమీద నడిపించండి. మన కంటికి ఒకే అక్షరం. యూనికోడ్‌కి ఆరు సంకేతాలు. విమ్ నడిచే, గళ్లనోట్‌బుక్కులా సమాన వెడల్పు గడులుండే చాలా టెర్మినళ్లలో ఒత్తులు విడిపోతాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. ఇక్కడ విమ్ పక్షపాతినైన నేనూ వీఎస్ కోడ్‌కే ఓటేస్తాను.

విమ్‌ని తయారుచేసింది డచ్ ప్రోగ్రామర్ బ్రామ్ మోలెనార్. 1988లో తన అమిగా కంప్యూటర్ కోసం మొదలుపెట్టి, 1991లో నలుగురికీ ఇచ్చారు. మొదట వీఐకి నకలనే పేరు పెట్టినా, తర్వాత దాన్ని మెరుగైన వీఐగా మార్చారు. ధర లేదు. నచ్చితే ఉగాండాలోని కిబాలెలో అనాథ పిల్లలకు సాయం చెయ్యమని అడిగారు. అక్కడ స్వయంగా పనిచేసి వచ్చిన మనిషి. ఏ ఫైలూ ఇవ్వకుండా విమ్ తెరిస్తే ఆ విన్నపమే తెర మధ్యలో కనబడేది. 2023 ఆగస్టు 3న, 62వ ఏట మోలెనార్ కన్నుమూశారు. 2024 జనవరి 2న వచ్చిన విమ్ 9.1ని సహచరులు ఆయనకే అంకితమిచ్చారు.