విటమిన్ డి – కాల్షియం శోషణ

ఆహారంలోని కాల్షియం, ఫాస్ఫరస్ చిన్నపేగు నుంచి రక్తంలోకి చేరడానికి విటమిన్ డి తోడ్పడుతుంది. ఎండలోని అతినీలలోహిత బి కిరణాలు సోకినప్పుడు చర్మంలోని 7-డీహైడ్రోకొలెస్టరాల్ నుంచి ఇది తయారవుతుంది. కిటికీ అద్దం ఈ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది కనుక అద్దం వెనక నుంచి పడే ఎండ ఇందుకు పనికిరాదు. చర్మంలో పుట్టిన డి3 కాలేయంలో ఒకసారి, మూత్రపిండాల్లో మరోసారి మార్పు చెంది కాల్సిట్రయాల్ అయ్యాకే పనిలోకి దిగుతుంది. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నవారి ఎముకలు దెబ్బతినడానికి ఈ రెండో మార్పు కుంటుపడడం ఒక ముఖ్య కారణం.

కాల్సిట్రయాల్ ఆంత్రమూలంలోని కణాల కేంద్రకంలో గ్రాహకానికి అతుక్కుని, కాల్షియాన్ని దాటించే ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. పేగు లోపలివైపున్న టీఆర్‌పీవీ6 అనే ద్వారం గుండా కాల్షియం కణంలోకి వస్తుంది. విడిగా పోగుపడితే కణానికే చేటు కాబట్టి కాల్బిండిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని అవతలి అంచుకు చేరుస్తుంది. అక్కడి పంపు ఏటీపీ శక్తిని ఖర్చుచేసి రక్తంలోకి తోస్తుంది. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియంలో 10–15 శాతమే ఒంటికి పడుతుంది. తగినంత ఉంటే 30–40 శాతం పడుతుంది.

రక్తంలో కాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5–10.5 మిల్లీగ్రాముల మధ్య ఉండాలి. తగ్గితే నరాలు, కండరాలు, గుండె అదుపు తప్పుతాయి. అందుకే పేగు నుంచి రాని కాల్షియాన్ని పారాథైరాయిడ్ హార్మోను ఎముకల నుంచి తీయిస్తుంది. రక్తపరీక్షలో కాల్షియం సరిగానే కనిపిస్తున్నా లోపల ఎముక బలం కోల్పోతూ ఉండవచ్చు. లోపం ముదిరితే పిల్లల్లో కాళ్లు వంకరపోయే రికెట్స్, పెద్దల్లో ఎముకలు మెత్తబడే ఆస్టియోమలేషియా వస్తాయి.

ఎండకు కొదవలేని చోటా ఈ లోపం ఉంది. తిరుపతి ప్రాంతవాసులపై 2007లో వెలువడిన అధ్యయనం పల్లెల్లోనూ పట్టణంలోనూ దీన్ని గుర్తించింది. వారి ఆహారంలో కాల్షియం తక్కువ, దాన్ని పేగులో బంధించే ఫైటేట్లు ఎక్కువ. వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉండే రాగుల్లోనూ ఫైటేట్లు ఉంటాయి. మొలకెత్తించినా, అంబలికి పిండి పులియబెట్టినా అవి తగ్గుతాయి.

జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం, 600 యూనిట్ల విటమిన్ డి అవసరం. లోపం ఉన్నవారికి వైద్యులు సాధారణంగా వారానికొకటి చొప్పున రాసే 60,000 యూనిట్ల పొట్లాన్ని రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం హద్దు మీరి వాంతులు, మూత్రపిండాల వైఫల్యం దాకా పోవచ్చు.