పరాయి గడ్డకు పంపిన సైనికులు

శత్రువు దేశం మీదికి దండెత్తి వచ్చినప్పుడు సైన్యాన్ని కదిలించటానికి ఏ చట్టసభలోనూ పెద్దగా వాదోపవాదాలు జరగవు. అప్పుడు సభ్యులందరిదీ ఒకటే మాట. ముప్పు తన వాకిటికి రాకపోయినా, మిత్రుల మాట కాదనలేక, ఎక్కడో జరుగుతున్న యుద్ధానికి తన బిడ్డలను పంపవలసి వచ్చినప్పుడే ప్రజాప్రభుత్వానికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. అటువంటి సమయంలో ప్రతిపక్షం చేయగలిగింది ఎంత, చేయవలసింది ఏమిటి? న్యూజీలాండ్ చరిత్రలోని ఒక ఘట్టం ఈ ప్రశ్నకు కొంత సమాధానం చెపుతుంది. దానిని మేము ఈ ప్రసంగంలో పాఠకుల ముందుంచుతున్నాము.

న్యూజీలాండ్ యుద్ధమెరుగని దేశమేమీ కాదు. సుమారు పదకొండు లక్షల జనాభా మాత్రమే ఉన్న రోజులలో, మొదటి ప్రపంచ యుద్ధానికి సుమారు లక్షమందిని సముద్రాలు దాటించింది. వారిలో దాదాపు 18,000 మంది తిరిగి రాలేదు. 1939లో బ్రిటన్ పక్షాన యుద్ధం ప్రకటించింది లేబర్ పార్టీ ప్రభుత్వమే. 1950లో కొరియాకు సేనలు వెళ్ళినప్పుడు వాటికి ఐక్యరాజ్యసమితి పతాకం అండగా ఉన్నది. వియత్నాం విషయంలో మాత్రం ఆ పతాకమూ లేదు, బ్రిటన్ తోడూ లేదు. బ్రిటన్ పాల్గొనని యుద్ధంలో న్యూజీలాండ్ పోరాడటం అదే ప్రథమం.

ఆ వియత్నాం మన పాఠకులకు కొత్త కాదు. 1954 నాటి జెనీవా ఒప్పందాల అమలును పర్యవేక్షించిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత వహించింది మన భారతదేశమే. ఆ ఒప్పందాలు క్రమంగా చెదరిపోగా, 1965 నాటికి అమెరికా తన సేనలను పెద్ద ఎత్తున దించసాగింది. మిత్రరాజ్యాలు కూడా కలిసి రావాలని కోరింది. ఏప్రిల్ చివరలో ఆస్ట్రేలియా ఒక పటాలాన్ని ప్రకటించింది. ఇక న్యూజీలాండ్ వంతు.

అప్పటి ప్రధాని కీత్ హోలియోక్ నేషనల్ పార్టీ నాయకుడు. ఆయన యుద్ధోత్సాహి కాడు. అంతకుముందు పౌర వైద్య బృందాన్నీ, కొద్దిమంది సైనిక ఇంజనీర్లనూ పంపి ఊరుకున్నారు. కాని 1951 నాటి ఆంజస్ ఒడంబడికలో తమకు రక్షణగా నిలిచిన అమెరికాను నొప్పించటం క్షేమం కాదని తలచారు. 1965 మే 27న 161వ ఫిరంగి దళాన్ని పంపుతున్నట్లు ప్రకటించారు. దళంలో ఉన్నది సుమారు 120 మంది. దేశ జనాభా అప్పటికి 26 లక్షలు.

ఆ దేశపు రాజ్యాంగ సంప్రదాయం ప్రకారం సేనలను విదేశాలకు పంపే అధికారం మంత్రివర్గానిదే; అందుకు పార్లమెంటు ఓటు అవసరం లేదు. అయినా ఆర్నాల్డ్ నార్డ్‌మేయర్ నాయకత్వంలోని లేబర్ పార్టీ ఈ నిర్ణయాన్ని సభలోనే ఎదిరించింది. తగవు రాజకీయమైనది కనుక సంప్రదింపులతో తీరాలన్నది వారి వాదం. న్యూజీలాండ్ చేయవలసిన సాయం పౌర సాయమే కాని సైనిక సాయం కాదన్నారు. విదేశాంగ నీతి మీద రెండు పెద్ద పక్షాలూ ఏకాభిప్రాయంతో నడిచిన కాలం ఆనాటితో ముగిసింది.

ఆ మాటలకు ఫలితం వెంటనే దక్కలేదు. 1966 ఎన్నికలలో, తర్వాత 1969లో కూడా, నార్మన్ కర్క్ నాయకత్వం వహించిన లేబర్ పార్టీ ఓడిపోయింది. అయితే సభలో వినిపించిన అసమ్మతి వృథా పోయిందనటానికి వీలులేదు. ఒకవైపు ఈ వ్యతిరేకత, మరొకవైపు ఖజానా పరిస్థితి హోలియోక్ చేతిని పట్టి ఉంచాయి. దళాల సంఖ్య అత్యధికంగా ఉన్న 1968లో కూడా అది 550 దాటలేదు. ఆస్ట్రేలియా నిర్బంధ సైనికులను సైతం వియత్నాంకు పంపగా, న్యూజీలాండ్ స్వచ్ఛందంగా సైన్యంలో చేరినవారినే పంపింది. మొత్తం మీద 3,000 మందికి పైగా అక్కడ సేవ చేశారు. 37 మంది సైనికులు మరణించారు. 187 మంది గాయపడ్డారు.

పోరాట దళాలు 1971 చివరికల్లా వెనుదిరిగాయి. 1972 నవంబరులో అధికారానికి వచ్చిన కర్క్, మిగిలిన శిక్షణ బృందాలను డిసెంబరులో రప్పించి, ప్రతిపక్షంలో ఉండగా తన పార్టీ చెప్పిన మాటను నిలబెట్టుకున్నారు.

కథ ఇక్కడితో ముగిస్తే ప్రతిపక్షానికి జయమే. ముగియలేదు. 1971 మేలో ఫిరంగి దళానికి ఆక్లాండ్ నగరంలో పౌరస్వాగతం జరుగుతుండగా నిరసనకారులు అడ్డుతగిలారు. యుద్ధం మీది కోపం యుద్ధం చేసి వచ్చినవారి మీదికి మళ్ళింది. తర్వాతి ప్రభుత్వాలు ఏ పార్టీవైనా ఆ సైనికులను పట్టించుకున్నది తక్కువ. ఏజెంట్ ఆరెంజ్ అనే ఆకురాల్చే విషరసాయనం సోకి తామూ తమ బిడ్డలూ రోగాల పాలవుతున్నామని వారు మొరపెట్టుకుంటే, అందుకు ఆధారాలు లేవని 2001లో ఒక ప్రభుత్వ నివేదిక తేల్చింది. అప్పుడు మళ్ళీ పార్లమెంటే వారికి దిక్కయింది. 2003లో సభా ఆరోగ్య సంఘం విచారణ ప్రారంభించింది. రసాయనం చల్లిన ప్రాంతాలను చూపే పటాన్ని ఒక మాజీ సైనికాధికారి భద్రపరచి ఉంచారు. అది సాక్ష్యంగా నిలిచింది. పాత నివేదికను సంఘం త్రోసిపుచ్చింది. 2008 మే 28న ప్రధాని హెలెన్ క్లార్క్ ఆ సైనికులకూ వారి కుటుంబాలకూ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆమె లేబర్ పార్టీ నాయకురాలు. 1965లో దళాన్ని పంపవద్దన్నది ఆ పార్టీయే.

పంపినవారి పక్షాన, వద్దన్నవారు క్షమాపణ చెప్పటం మాకు వింతగా తోచలేదు. సైనికుడు ఏ పార్టీ ఆజ్ఞతోనో బయలుదేరడు. రాజ్యం ఆజ్ఞతో బయలుదేరుతాడు. యుద్ధాన్ని నిరసించే హక్కు ప్రతిపక్షానికి ఉన్నది, ఆ నిరసన లేని సభకు విలువ లేదు. తిరిగి వచ్చినవానిని ఆదుకునే బాధ్యత మాత్రం సభ మొత్తానిది. న్యూజీలాండ్ మొదటిదానిని సకాలంలోనే నెరవేర్చింది. రెండవదానికి ముప్పది యేడు సంవత్సరాలు ఆలస్యమైంది. ఆనాటికి ఆ క్షమాపణ వినటానికి కొందరు మిగలలేదు.