ఆకాశవాణియు శాస్త్రవార్తయు

శాస్త్రము పండితులకే గాక పామరులకును అందవలెనన్న కోరిక తెలుగువారికి క్రొత్తది కాదు. పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితమును తెనిగించెను. జనగామ సీమలోని పాలకుర్తి సోమనాథుడు, భక్తుల చరిత్రలకైనను, జనులకు తెలియు జానుతెనుగునే ఎన్నుకొనెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదున విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించి శాస్త్రగ్రంథములను వెలువరింపజొచ్చిరి. అయితే పుస్తకము చదువ నేర్చినవానికే పుస్తకము. 1951 జనగణన నాటికి హైదరాబాదు రాష్ట్రమున అక్షరాస్యులు నూటికి పదిమందియైనను లేరు. తక్కినవారికి శాస్త్రము చేరవలెనన్న చెవి యొక్కటే మార్గము.

ఆ మార్గమును తెరచినది రేడియో. నిజాము ప్రభుత్వము 1935లో చేపట్టిన దక్కన్ రేడియోలో ఉర్దూదే పెద్దపీట. 1950లో అది ఆకాశవాణిలో చేరిన తరువాత తెలుగునకు చోటు పెరిగెను. వ్యవసాయ ప్రసారముల బలమెట్టిదో తంజావూరు రైతులను చూచిన తెలియును. ఆకాశవాణి ద్వారా తమకు పరిచయమైన ఏ.డి.టి. 27 అను వంగడమును వారు ‘రేడియో వరి’ అనియే పిలిచిరి. 1975–76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రముల పల్లెలకు టెలివిజను పాఠములు ప్రసారమయ్యెను. మెదకు, మహబూబ్‌నగరు, కర్నూలు జిల్లాల పల్లెలు వానిని చూచినవి. వరంగల్లు జిల్లాకు ఆ భాగ్యము కలుగలేదు.

ఇంతలో 1980 ఫిబ్రవరి 16వ తేదీ వచ్చెను. ఆనాటి సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్–రంగాపూర్ వేధశాల మీదుగా సాగెను. ఆ వేధశాల జనగామకు నూరు కిలోమీటర్ల దూరమైనను లేదు. అచట శాస్త్రజ్ఞులు యంత్రములతో ఆకాశమువంక చూచుచుండగా, ఊళ్లలో వీధులు నిర్మానుష్యములయ్యెను. తలుపులు మూసికొన్నవారిని నిందించుట న్యాయము కాదు. సూర్యుని వట్టికంటితో చూడరాదన్న మాట సత్యమే. కంటి లోపలి పొర మాడిపోవును, నొప్పియైనను తెలియదు. కాని వారికి చేరినది సగము వార్త. గ్రహణకాలపు కిరణములు నిత్యము పొలమున పడు కిరణములే యనియు, వీథిలో నడచిన హాని లేదనియు, అన్నము విషము కాదనియు తక్కిన సగము గట్టిగా వినిపింపలేదు. చింతచెట్టు క్రింద నిలిచి, ఆకుల సందులనుండి నేలపై పడు వెలుగుచుక్కలు నెలవంకలగుటను పసిపిల్లలైనను నిర్భయముగా చూడవచ్చును. వట్టంగి రంధ్రమైనను అక్కరలేని ఆ వింత ఆనాడెందరి కన్నులబడలేదో!

ఆర్యభటుడు 499లోనే గ్రహణము ఛాయవలన కలుగునని చెప్పియుండెను. పంచాంగకర్త లెక్క కట్టునది నేటికిని ఛాయతోనే. కథ చెప్పునది మాత్రము రాహువుతో.

1995 అక్టోబరు 24 నాటి గ్రహణమునకు పరిస్థితి కొంత మారెను. ముందు నుండియే ప్రచారము సాగెను. వడపోత అద్దములు పంచిపెట్టిరి. దూరదర్శనము ఆ దృశ్యమును ప్రత్యక్షముగా చూపెను. సూర్యుడు మారలేదు, చంద్రుడు మారలేదు. వార్త చెప్పు తీరు మారెను.

గ్రహణము ఏండ్లకు ముందే తెలియును గనుక ప్రసారకులకు వ్యవధి యుండును. భూకంపమట్లు కాదు. 2024 డిసెంబరు 4 ఉదయము 7 గంటల 27 నిమిషములకు ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించెను. ఆ కదలిక భూపాలపల్లి, మహబూబాబాదు, జనగామ దాటి హైదరాబాదు వఱకు తెలిసెను. గోదావరి లోయకిది క్రొత్త కాదు; 1969 ఏప్రిలులో భద్రాచల ప్రాంతమునను ఇంతకు మించిన కంపము కలిగెను. లోయ పొడవున భూమిలోపల పూర్వకాలపు పగుళ్లున్నవి. వానిలో పేరుకొన్న ఒత్తిడి అప్పుడప్పుడు సడలును. మరల ఎప్పుడు వచ్చునో గడియతో సహా చెప్పగల శాస్త్రము నేటికిని లేదు. అట్లు చెప్పువాడు శాస్త్రజ్ఞుడు కాడు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుండి పనిచేయుచున్నది. ఇట్టి వేళ వదంతి వార్తకంటె వడిగా నడచును. ఆ యుదయమున గిన్నెలు కదలి గోడలు వణికిన యిండ్లలో మొదట వినబడినది శాస్త్రజ్ఞుని మాటయో, వదంతియో, ఆ యింటివారే యెఱుగుదురు.