మట్టిని రాయి చేసిన చేతులు

మా కోనసీమలో ఎంత తవ్వినా రాయి తగలదు. ఉన్నదంతా గోదారి వరదలు తెచ్చి పోసిన ఒండ్రుమట్టే. మండువా లోగిళ్ళకీ, గుళ్ళకీ ఇటుకగోడలు లేచాయంటే ఆ మట్టినే కాల్చి రాయి చేసుకున్నారన్నమాట.

రోజూ పిండి కలిపే మనకి ఆ పని ఇట్టే అర్థమవుతుంది. గడ్డలూ వేళ్ళూ ఏరి, నీళ్ళు పోసి రాత్రంతా నాననిచ్చి, మర్నాడు కాళ్ళతో తొక్కి ముద్ద చేసేవారు. ఇసుక తక్కువైతే ఆరేటప్పుడు బీటలు, ఎక్కువైతే ఇటుక పొడిపొడి. అరిసె తట్టేముందు ఆకుకి నూనె రాసుకుంటామే, అలాగ చెక్క అచ్చులో ఇసుక చల్లి, ముద్దని విసిరికొట్టి మూలలు నింపి, పైన మిగిలింది గీసేసి నేలమీద బోర్లించేవారు. ఆరితే మట్టి కుదించుకుపోతుంది కదా, అందుకని అచ్చు ఇటుక కంటే కాస్త పెద్దదే ఉండాలి. కొంచెం గట్టిపడ్డాక ఒక్కొక్కటీ తిప్పి పక్కమీద నిలబెట్టాలి. ఆ టైములో ఒక్క వాన పడిందా, అంతా మళ్ళీ బురదే! ఆరినవాటిని బట్టీగా పేర్చి, కట్టెలో ఊకో వేసి, బయట మట్టి మెత్తి రోజుల తరబడి కాల్చేవారు. బాగా కాలిన ఇటుకని కొడితే ఖంగుమంటుంది.

మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బౌద్ధస్తూపం ఇటుకలు చూడండి, ఇప్పటివాటికంటే ఎంత పెద్దవో! పి.గన్నవరంలో వైనతేయ మీది పాత అక్విడక్టు 1850ల నాటిది. ఒక్కొక్కటి 40 అడుగుల చొప్పున 49 ఖానాలు. కట్టించిన ఇంజనీరు హేగ్ పేరు పుస్తకాల్లో ఉంది. పక్కన వచ్చిన కొత్తదానికి అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు, సంతోషం. మట్టి తొక్కినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఇప్పటికీ అంతే. ఒడిశా నుంచి మన బట్టీలకి వచ్చే కుటుంబాల్లో భార్యాభర్తలిద్దరూ పనిచేస్తారు, చాలాచోట్ల ఒక పిల్లో పిల్లాడో కూడా. కూలి వెయ్యి ఇటుకల లెక్కన ఇంటికంతటికీ కలిపి ఇస్తారు. అడ్వాన్సు సాధారణంగా మగాయన చేతికే. ఆవిడ పొయ్యి ఆర్పి, చంటిబిడ్డకి పాలిచ్చి వచ్చి తిప్పిన ఇటుకలు ఆ వెయ్యిలోనే కలిసిపోతాయి.