పడనిది, ఒల్లనిది: దిండిగల్ తెలుగువారి వంటింటి చరిత్ర

మధుర, దిండిగల్, కోయంబత్తూరు ప్రాంతాల నుండి వచ్చి తెలుగు చదువుకొనే విద్యార్థులను తోటివారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. మీ ఇంట్లో ఆవకాయ పెడతారా? గోంగూర పచ్చడి చేస్తారా? లేదని చెబితే, "అయితే మీరేం తెలుగువాళ్లు?" అన్న మాట నవ్వుతూనే వస్తుంది. నవ్వుతూ అన్నా ఆ మాట గుచ్చుకొంటుంది. ఎర్రటి కారం తిని కళ్ల నీళ్లు పెట్టుకోకుండా ఉండటమే తెలుగుతనమని, అది చేతకాని వారు తమిళులైపోయినారని ఆ ప్రశ్నలో ఒక నిర్ణయం దాగి ఉంది. ఈ నిర్ణయం చరిత్ర ముందు ఎంతవరకు నిలుస్తుందో చూడటమే ఈ వ్యాసంలో మేము చేయదలచిన పని.

ముందుగా ఊరిపేరు సంగతి. దిండిగల్ అన్న పేరును దిండు, కల్ అని విడదీస్తారు. దిండు ఆకారంలో ఉన్న బండ అని అర్థం. కోట ఉన్న గుట్టను చూసినవారికి ఈ వివరణ సహజంగానే తోస్తుంది. పేరు తమిళమే అయినా తెలుగువానికి నిఘంటువు అక్కరలేదు. దిండు మన దిండే. రాయి అనే అర్థంలో కల్లు మనకు ఓరుగల్లులో ఉంది, వంటింటి సన్నికల్లులో ఉంది. సన్నికల్లును తమిళులు అమ్మి అంటారు. ఈ మాటలతో మనకు తరువాత కూడా పని ఉంది.

తెలుగువారు ఈ సీమకు ఒక్కసారిగా వచ్చినవారు కారు. 14వ శతాబ్దం ద్వితీయార్ధంలో విజయనగర రాజకుమారుడు కంపరాయల మధుర దండయాత్రతో మొదలైన రాకపోకలు, 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకునితో మధుర నాయక రాజ్యం ఏర్పడిన తరువాత మరింత హెచ్చినాయి. రాజ్యాన్ని 72 పాళెములుగా విభజించినప్పుడు దిండిగల్ చుట్టుపక్కల విరూపాక్షి, కన్నివాడి, ఇడయకోట, అమ్మయనాయకనూరు వంటి పాళెములు నాయకుల వశమైనాయి. వీరిలో విరూపాక్షి గోపాల నాయకుడు ఇంగ్లీషువారి నెదిరించి 1801లో ఉరికంబమెక్కినాడు. సైనికులతో పాటు రైతులు, పశుపాలకులు, నేతగాండ్రు, తోలుపనివారు కూడా వచ్చినారు. కంబళ నాయకులు, కమ్మవారు, బలిజలు, రెడ్లు, అరుంధతీయులు నేటికీ ఇక్కడి తెలుగు కుటుంబాలలో కనిపిస్తారు. ఉత్తరాది ప్రభువు ఒత్తిడికి తాళలేక పారిపోతూ ఉండగా నది అడ్డం వస్తే, రెండు ఒడ్డులలోని కానుగ చెట్లు వంగి వంతెనగా నిలిచినాయని వీరిలో కొందరు చెప్పుకొనే కథ. అందుకే కానుగ చెట్టు వారికి పూజ్యం. ఇలాంటి కథలు వలస దారిని చెబుతాయి గాని, మూటలో ఏ విత్తనం ఉన్నదో చెప్పవు.

ఒక్క విత్తనం మాత్రం తొలి వలసదారుల మూటలో లేదని నిశ్చయంగా చెప్పవచ్చు. అది మిరప. పోర్చుగీసువారు 1498లో కళ్లికోట చేరిన తరువాతనే అమెరికా ఖండపు మిరప మన దేశానికి వచ్చింది. 16వ శతాబ్దిలో పురందరదాసు కీర్తన ఒకదానిలో మిరపకాయ ప్రస్తావన ఉన్నదని ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ చూపినారు. కొత్త కాయకు పేరు పెట్టవలసి వచ్చినప్పుడు తెలుగువారు మిరియాన్ని, తమిళులు మిళగును, కన్నడిగులు మెణసును ఆశ్రయించి మిరపకాయ, మిళగాయ్, మెణసినకాయి అన్నారు. మూడు భాషలలోనూ పాత ఘాటు పేరే కొత్త ఘాటుకు వచ్చింది. కంపరాయల వెంట వచ్చినవారి బంధువులు ఇటు దిండిగల్లులో, అటు కృష్ణాతీరంలో వేరువేరుగా మిరపను నేర్చుకొన్నారన్నమాట. గుంటూరు మిరప ఖ్యాతి అయితే అది వాణిజ్యపంటగా విస్తరించిన తరువాతిది. ఈ వలసల ముందు అది నిన్నటి మాట.

అంతకు ముందు తెలుగువారి నాలుక ఎలాంటిది? శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువు ఒకటి ఇక్కడ చాలా విలువైనది. అరవవారి విందుకు వెళ్లిన తెలుగు కవి అందులో మొరపెట్టుకొంటాడు. వడ్డనకు మొదటనే మిరియపు చారు పోసినారట, చెవులలో పొగ వెళ్లిందట. పచ్చళ్లలోని ఆవఘాటు నడినెత్తికెక్కిందట. అవిసాకు వేపుడును కూడా ఆయన వెక్కిరించక మానలేదు. చాటువు నిజంగా శ్రీనాథునిదేనా అన్న చర్చ మనకిక్కడ అవసరం లేదు. నేడు తెలుగువాని కారానికి తమిళుడు చేతులెత్తేస్తాడని అనుకొంటాము. ఆనాటి చాటువులో తమిళుని ఘాటుకు తెలుగువాడే చేతులెత్తేస్తున్నాడు. ఎవరి కూడు ఘాటు అన్నది జాతి లక్షణం కాదు, ఆయా కాలాల సంగతి. (ఇదే కవి పల్నాటి జొన్నకూటిని కూడా మెచ్చలేదని చాటువులు చెబుతాయి. కనుక ఆయన ఫిర్యాదు అరవవారి మీద మాత్రమే కాదు, సన్నబియ్యం దొరకని ప్రతి చోటి మీదా!)

ఆముక్తమాల్యద మరొక సాక్ష్యం. 16వ శతాబ్ది తొలి పాదంలో కృష్ణదేవరాయలు రచించిన ఆ కావ్యంలో కథ జరిగేది మధురకు దక్షిణాన శ్రీవిల్లిపుత్తూరులో. విష్ణుచిత్తుడు భాగవతులకు ఋతువును బట్టి పెట్టే భోజనాలను కవి వర్ణించినాడు. వానాకాలంలో పప్పు, వరుగులు, వడియాలు, పెరుగు. చలికాలంలో మిరియపుపొడి చల్లిన వేడి కూరలు, ఆవ పచ్చళ్లు, నెయ్యి. వేసవిలో పలుచని అంబలి, తియ్యని చారు, ఎడనీళ్లు, నీరుమజ్జిగ, ఊరగాయ. ఘాటు కావలసిన చోటల్లా మిరియం, ఆవ. మిరప ఊసే లేదు. తెలుగు రాజు తెలుగు పద్యాలలో తమిళసీమ విస్తరిని వర్ణిస్తే, అందులో ఇది తెలుగు వంట, ఇది తమిళ వంట అని గీత గీయడం కష్టం.

ఆ పాత వంట ఎక్కడికి పోయింది? అభిరుచులలో వెదికితే దొరకదు, నిషేధాలలో వెదికితే దొరుకుతుందని మా అభిప్రాయం. ఇష్టాలు త్వరగా మారుతాయి. ఒల్లనివి, తినకూడనివి నెమ్మదిగా మారుతాయి. బాలింత పథ్యం చూడండి. మిరపకారం తగ్గించి లేదా మానిపించి మిరియం, వెల్లుల్లి, శొంఠి, నెయ్యి పెడతారు. తెలుగు ఇండ్లలో కాయం అనే మందుముద్దకు తమిళ ఇండ్లలో లేహ్యం సాటి. జ్వరపడి లేచినవానికి మిరియాల చారే. ఇక సంప్రదాయం పాటించే బ్రాహ్మణ కుటుంబాలలో తద్దినం వంటకు మిరప, టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ పనికిరావు. మిరియం, జీలకర్ర, అరటికాయ, కాకర పనికివస్తాయి. ఒంట్లో సత్తువ లేనప్పుడు, పితరులు ఇంటికి వచ్చినప్పుడు తెలుగు వంటిల్లు అయిదు వందల ఏండ్లు వెనక్కి నడుస్తుంది. అయితే తద్దినంలో ఉల్లి, వెల్లుల్లి, మునగ వంటి పాతవి కూడా నిషిద్ధమే. కనుక కొత్తదనం ఒక్కటే నిషేధానికి కారణమని సూత్రం చేయరాదు.

ఒల్లమిని చెప్పడానికి మన భాషలో ఉన్నన్ని మాటలు ఇష్టాన్ని చెప్పడానికి లేవేమో అనిపిస్తుంది. జబ్బు వల్ల నోటికి రుచి తెలియకపోతే అరుచి. ఒకే తీపి పదే పదే తింటే మొహం మొత్తుతుంది. మితి మీరితే వెగటు. చేప, మాంసం వాసన గిట్టకపోతే నీచు. చూడగానే కడుపు తిప్పితే రోత. వీటన్నిటికీ పక్కన "పడదు" అనే మాట ఉంది. ఈ చిన్న మాట మోసే బరువు చాలా ఎక్కువ. వంకాయ పడదు అంటే దురద పుడుతుందని కావచ్చు, వాతం చేస్తుందని కావచ్చు, కేవలం ఇష్టం లేదని కూడా కావచ్చు. తమిళంలో కరప్పాన్ అనే చర్మవ్యాధి పేరును పట్టుకొని, దానిని రేపే తిండ్లను ఒక జాబితాగా చెబుతారు. వంకాయ, ఎండుచేప అందులో తరచుగా వినిపిస్తాయి. కంద, చేమ గొంతులో దురద పెట్టడం మరొక రకం. దుంపలోని సూదుల వంటి స్ఫటికాలు గుచ్చుకోవడం వల్ల అది ఎవరికైనా కలుగుతుంది. చింతపండుతో ఉడికించడం దానికి మన పెద్దలు కనిపెట్టిన విరుగుడు.

ఎలర్జీ అనే మాటను వియన్నా వైద్యుడు పిర్కే 1906లో పుట్టించినాడు. డబ్ల్యూ. ఫ్రాన్సిస్ మధుర జిల్లా గెజెటీరు వెలువడిన సంవత్సరం కూడా అదే. ఒకరికి హాయిగా అరిగే వేరుసెనగ మరొకరికి ఊపిరి ఆడకుండా చేయగలదన్న జ్ఞానం మన అవ్వల పథ్యానికి పూర్తిగా అందలేదు. పథ్యం అందరు బాలింతలకు ఒకటే, ఎలర్జీ మనిషి మనిషికీ వేరు. "కొంచెం కొంచెం తింటే అదే అలవాటవుతుంది" అనే మాట వెగటు విషయంలో నిజం కావచ్చు గాని, నిజమైన ఎలర్జీ విషయంలో ప్రాణం మీదికి తెస్తుంది. పరాయి ఊళ్లలో హాస్టలులో తినే విద్యార్థి, తన ఇంట్లో పడదు అన్నప్పుడు ఈ అర్థాలలో ఏది ఉద్దేశించినారో పెద్దలను అడిగి తెలుసుకొని ఉండటం మంచిది.

అయితే ఒల్లను అనడానికి కూడా కొంత కలిగి ఉండాలి. దిండిగల్ తోళ్ల పరిశ్రమకు చెమటోడ్చిన వారిలో తెలుగు మాట్లాడే అరుంధతీయులు ఉన్నారు. ఊరివారు పోసిన కంజి, చచ్చిన పశువు మాంసం వారి వాటాకు వచ్చిన కాలం ఉంది. ఆ తిండిని చూపించే ఊరు వారిని దూరం పెట్టింది. పెట్టినదీ ఊరే, పెట్టినదానిని తిన్నందుకు రోసినదీ ఊరే. ఇలాంటి చోట రోత అన్నది నాలుకకు సంబంధించిన మాట కాదు. 1876–78 నాటి ధాత కరవులో అయితే బొమ్మజెముడు పండ్లు కూడా ఆహారమైనాయి. తెలుగు వంట చరిత్ర అని పాళెగాండ్ర విందులనే రాసుకొంటే సగం ఇండ్లు అందులో ఉండవు.

దిండిగల్ చుట్టుపక్కలి మెట్టపొలాలలో వరి కన్న జొన్న, సజ్జ, ఉలవలే ఎక్కువ మందికి కడుపు నింపినవి. సజ్జను తమిళులు కంబు అంటారు. మన సంగటి వారి కళి, మన అంబలి వారి కూళ్, మన చద్దన్నం వారి పళైయ సోఱు. ఉలవల విషయంలో తమిళులకు సామెత కూడా ఉంది. బక్కవానికి నువ్వులు, బలిసినవానికి ఉలవలు అని దాని తాత్పర్యం. రాయలసీమలో పప్పుగుత్తితో ఎనిపే పద్ధతినే కోయంబత్తూరు సీమలో కడైయల్ అంటారు. ఆ పద్ధతిలో వారు చేసే పుళిచ్చకీరై మన గోంగూరే. గోంగూర మా ఇంట్లో తెలియదని చెప్పే విద్యార్థులలో ఎందరు దానిని పుళిచ్చకీరై పేరుతో చిన్ననాటి నుండి తింటున్నారో!

ఈ ధాన్యాలను వెనక్కి నెట్టినది ఏ ఒక్క భాషా కాదు, చవకబియ్యం. రూపాయికి మూడు పడుల బియ్యమన్న వాగ్దానంతో 1967లో మద్రాసు రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, చివరికి ఒక పడి పథకం చెన్నై, కోయంబత్తూరులలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. 2011 నుండి తమిళనాడులో బియ్యం ఉచితమైనాయి. వరియన్నం పండుగ కూడు కావడం మాని రోజువారీ కూడైంది. సంగటి తినడం చిన్నతనమైంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించే నాటికి అదే సజ్జ పట్టణపు అంగడిలో పొట్లం కట్టి ఎక్కువ ధరకు అమ్ముడుపోతున్నది. దిండిగల్ పేరును ఊరూరా తీసుకొని వెళ్లిన బిర్యాని కూడా ఈ మార్పుల కాలంలోనిదే. 1957లో నాగసామి నాయుడు పెట్టిన ఆనందవిలాస్ హోటలు, ఆయన తలపాగా వల్ల తలప్పాకట్టి అయింది. అందులో వాడే సీరగసాంబా చిన్నబియ్యం, కారం కన్న ముందు తెలిసే మిరియపు ఘాటు గమనించదగినవి.

భాష సంగతికి వస్తే, తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం పాఠశాలలో తప్పనిసరి అయింది. దిండిగల్ తెలుగు పిల్లలలో చాలామందికి తెలుగు లిపి లేని భాష. ఇంట్లో, అందులోనూ వంటింట్లో, వినిపించే భాష. ఇడైచెవల్‌లోని తెలుగు కమ్మవారి ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తమ వారి వలసకథను 1976లో గోపల్ల గ్రామం నవలగా రాసినది తమిళంలోనే. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఎదురుదిశలో ప్రయాణించిన మాటలూ ఉన్నాయి. తమిళులకు ఆవాలు కడుగు, అయినా వారి ఇండ్లలోనూ ఆవకాయ ఆవకాయే.

సెలవులకు ఇంటికి వెళ్లే విద్యార్థులను మేము కోరేది ఇది. వంట జాబితా కన్న ముందు మీ అవ్వ ఏది వండనన్నదో, ఎవరికి పడదన్నదో, ఏ మాటతో అన్నదో రాసుకొని రండి. మిరపకాయను, సన్నికల్లును, సజ్జను ఆమె ఏమని పిలుస్తుందో ఆమె ఉచ్చారణలోనే రాయండి. తెలుగు లిపి రాకపోతే తమిళ లిపిలో రాసినా సరే, ఇక్కడ కూర్చొని మార్చుకొందాము.